రెండు వేళ్ల ఖాళీ

పాలగిన్నెలో పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచాలన్నది ఓదెలు సిద్ధాంతం. నిండు కుండ తొణకదని పెద్దలన్న మాట నిజమే కావచ్చు గానీ, ఆ పెద్దలెవరూ నిండు కుండను పొయ్యి మీద పెట్టి చూసినట్టు లేదు. ఓదెలు భార్య వనజ మాత్రం పెళ్లయిన తొమ్మిదేళ్లుగా గిన్నె అంచుదాకా పాలు పోసి, స్టవ్ వెలిగించి, ఇంకో పని మీద పడిపోయేది. పాలు పొంగి మంట మీద సుయ్‌మనేవి. వాకిట్లో వైర్లు చుట్టుకుంటున్న ఓదెలు అక్కడి నుంచే కేకేసేవాడు.

"పైన రెండు వేళ్ల జాగ ఉంచుమని ఎన్నిసార్లు చెప్పాలె వనజా?"

"పొంగింది పాలే గద బావా, కొంప గాదు. జర ఊకో" అనేది వనజ. ఆమె ఓదెలుకు మేనత్త కూతురు. చిన్నప్పటి నుంచీ అతని మాట వినే అలవాటు లేదు.

ఓదెలుది పెళ్లి ఊరేగింపులకు, అంటే బరాతులకు, డీజే పెట్టే పని. మల్లన్నపేటలో ఆ పని చేసేవాళ్లు ఆరుగురు ఉండేవారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అయిదుగురు ఒక తీరు, ఓదెలు ఒక తీరు. లాప్‌టాప్ తెర మీద ప్రతి పాటకూ ఒక గీత లేస్తుంది. పచ్చగా ఉంటే పాట హాయిగా ఉన్నట్టు. పసుపుకొస్తే ఊపు మీదున్నట్టు. ఎరుపుకొచ్చిందంటే పాట తల పైకప్పుకు తగిలినట్టే. ఆ పైన చోటు లేదు గనుక లేచిందంతా చదునుగా తెగిపోతుంది. అప్పుడు డప్పు దెబ్బ డప్పులా ఉండదు, రేకు మీద రాయి పడ్డట్టుంటుంది.

మిగతా అయిదుగురికీ ఆ తేడా పట్టేది కాదు. గొంతు వినపడకపోతే గొంతు పెంచేవారు, దాంతో డప్పు వినపడకపోతే డప్పు పెంచేవారు, చివరికి మొత్తానికి మొత్తం పెంచేవారు. తెరంతా ఎర్రబడేది. ఓదెలుకు పని నేర్పిన ఉస్తాదు మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది. ఒకటి వినపడకపోతే దాన్ని పెంచకు, మిగతావి తగ్గించు. ఓదెలు ఆ మాట తప్పలేదు. అందుకే ఊళ్లో అతనికి మెత్తని డీజే అని పేరు పడింది. పెళ్లికొడుకు దోస్తులు ఆ పేరు చెప్పి నవ్వుకుని, అద్దాలు అదరగొట్టేవాళ్లను పిలుచుకునేవారు. అదరగొట్టేవాళ్ల బాక్సులను పోలీసులు పట్టుకుపోయేవారు. మెత్తగా కొట్టేవాడిని ఎవరూ పిలవక, గట్టిగా కొట్టే మనసు తనకు రాక, ఆ ఏడాది ఓదెలు బాక్సులు మోసే డీసీఎం బండి వాకిట్లోనే నిలబడిపోయింది. మనిషి చిక్కిపోయాడు.

వనజ పాత బస్టాండు దగ్గర చెవిమిషన్ల దుకాణంలో వినికిడి పరీక్షలు చేసేది. చెవి గురించి ఎమ్మెస్సీ దాకా చదివింది. ఒక ఉదయం ఆమె మిక్సీలో అల్లం వేసి తిప్పుతూ, రేడియో వినపడడం లేదని దాన్ని పెంచింది. ఓదెలు వచ్చి రేడియో ముట్టుకోకుండా మిక్సీ ఆపేశాడు.

"పెంచుడు గాదు, తగ్గించుడు."

వనజ మిక్సీ మూత మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయింది. ఆమెకు ఏదైనా ఆలోచన వస్తే చేతిలో పని గుర్తుండదు.

"బావా, నువ్వు లాప్‌టాప్‌ల ఉన్నయే తగ్గిస్తవ్. బయటియి గూడ తగ్గిస్తే?"

"బయటియి ఎట్ల తగ్గుతయ్?"

"బయట తగ్గయి. చెవిల తగ్గుతయ్."

దుకాణం వెనక, పరీక్షలు చేసే చిన్న గదిలో ఆ పని మొదలైంది. చెవి లోపల సన్నటి కేశాలుంటాయట. చిన్న చప్పుడు వస్తే పెంచమనీ, అక్కర్లేనిది వస్తే వదిలెయ్యమనీ వాటికి మెదడు చెబుతుందట. సంతలో ఇంత గోలలోనూ తల్లికి తన పిల్ల ఏడుపే వినపడేది అందుకేనని వనజ చెప్పింది. ఆమె పాట అడుగున ఒక మోతను పరిచింది. అది వినపడేంత పెద్దది కాదు. పాట ఒక్కటే కావలసినది, తక్కినదంతా వదిలెయ్యమని ఆ మోత చెవికి నచ్చజెబుతుంది. దానికి జాగా అని పేరు పెట్టి ఓదెలు లాప్‌టాప్‌లో ఎక్కించింది.

పరీక్ష ఓదెలు చెవుల మీదే. ఎవరో ఒకరి చెవులు మామూలుగా ఉండాలి గదా, పోల్చి చూసుకోవడానికి. అందుకని మోత పెట్టినప్పుడల్లా వనజ అద్దం అవతలికి వెళ్లి కూర్చునేది. రోజుకు మూడు గంటల చొప్పున మూడు నెలలు ఓదెలు ఆ గదిలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మనుషులు మామూలుగా మాట్లాడుకునేంత చిన్నగా పాట వచ్చేది. కానీ అది అతని ఒంట్లోకి ఏరులా దిగేది. డప్పు మీద వేలి చివర తగిలిన చోటు కూడా తెలిసేది. గీత పచ్చలోనే ఉండేది, పైన బోలెడంత ఖాళీ. గదిలోంచి బయటికొచ్చినప్పుడు కళ్ల నీళ్లు తుడుచుకునేవాడు.

"ఇన్నేండ్లు నేను పాటల చర్మమే ఇన్న వనజా. ఇయ్యాల నెత్తురు ఇనవడ్డది" అన్నాడు ఒకరోజు.

వనజ నవ్వింది గానీ ఆమెకు కొంచెం అసూయ కలిగింది. ఆ పాట ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

మొదటి బరాతు రోజు ఊరు నోరు వెళ్లబెట్టింది. పక్క వీధిలో వాళ్లకు పాట వినపడనే లేదు. బండి ముందున్న రెండు వందల మందీ మాత్రం ఆకాశం విరిగి మీద పడ్డట్టు ఆడారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మ కర్ర పక్కన పడేసి అడుగు కలిపింది. పోలీసాయన చేతిలో చప్పుడు కొలిచే మిషన్ పట్టుకుని వచ్చి, అంకె చూసి, మిషన్‌ను అరచేతిలో తట్టి మళ్లీ చూసి, కాసేపటికి తనూ తల ఊపడం మొదలుపెట్టాడు. మెత్తని డీజే అన్నవాళ్లే ఓదెలును భుజాలకెత్తుకున్నారు.

ఆ ఎండాకాలమంతా మల్లన్నపేటలో ప్రతి పెళ్లికీ ఓదెలే. పసుపు దంచిన రోజు నుంచి బరాతు దాకా అతని బండే. క్రమంగా ఊరు మెత్తబడింది. గాలికి వేపాకు రాలుతుంటే చప్పుడు లేకుండా రాలేది. సాయంత్రం పిట్టలు తీగల మీద బారుగా వాలి నోళ్లు తెరిచి మూసేవి. వాన వచ్చిందంటే, ఒళ్లు తడిశాకే తెలిసేది. ఇళ్లలో కుక్కర్లు మాడిపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జనం ముఖాల్లో ఏదో తెలియని నెమ్మది. పాలు పోసే కొమురయ్య సైకిలు బెల్లు కొట్టి కొట్టి, చివరికి దిగి తలుపులు తట్టడం మొదలుపెట్టాడు.

ఓదెలుకైతే కలలో నడుస్తున్నట్టుండేది. ఉదయం లేస్తే లోకమంతా దూది మీద పెట్టినట్టు ఉండేది. వనజ కూడా ఈ మధ్య నెమ్మదస్తురాలైందని మురిసిపోయాడు. ఇదివరకు అయినదానికీ కానిదానికీ కసిరేది. ఇప్పుడు పెదవులు కదిలించి ఊరుకుంటుంది. పాలు పొంగడం కూడా మానేశాయి. ఇన్నాళ్లకు తన మాట విన్నదనుకున్నాడు, పిచ్చి మారాజు.

వనజ అనుకున్నది వేరు. పేరొచ్చాక బావకు తనంటే లెక్క లేకుండా పోయిందనుకుంది. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి తిరిగేవాడు. ఆమె పిలవడం తగ్గించుకుంది. స్టవ్ మీద ఎండిన పాలు తుడుచుకుంటూ ఒకటి రెండు సార్లు ఏడ్చింది కూడా. అతను పక్క గదిలోనే ఉన్నాడు.

శిరీష పెళ్లి నాటికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. శిరీష తల్లి రాజవ్వ. భర్త పోయాక పదిహేనేళ్లు బీడీలు చుట్టి ఒక్క బిడ్డను పెంచింది. పెళ్లికొడుకుదీ ఊళ్లోనే, నాలుగు వీధుల అవతల. ఓదెలు బండి ఆ ఇంటి ముందు మూడు రోజులుంది. మూడు రోజులూ రాజవ్వ ఆడింది, శిరీష ఆడింది, వాడకట్టంతా ఆడింది. వనజ మాత్రం చెవుల్లో దూది గట్టిగా కుక్కుకుని, మోత వచ్చినంతసేపూ ఇంటి వెనక వంటల దగ్గరే ఉండేది.

అప్పగింతల వేళ ఓదెలుకు ఒక అలవాటు ఉంది. బిడ్డ చేతిని అత్తింటివాళ్ల చేతిలో పెట్టేటప్పుడు చప్పుడు పెంచి తగ్గించే మిక్సర్ మీది మీటలన్నీ పూర్తిగా కిందికి దించేస్తాడు. ఏడుపుకు జాగ ఇయ్యాలె అనేవాడు. ఆ రోజూ దించాడు. పాట ఆగింది. పంతులుగారి మైకు ఒక్కటి అట్లాగే ఉండిపోయింది. దూది తీసేసి వనజ కూడా వచ్చి గుంపు చివర నిలబడింది.

ఏడుపు రాలేదు.

ఓదెలు తల ఎత్తి చూశాడు. రాజవ్వ బిడ్డను పట్టుకుని ఊగిపోతోంది. ఆడవాళ్ల ముఖాలన్నీ తడిసి ఉన్నాయి, నోళ్లన్నీ తెరుచుకుని ఉన్నాయి. చప్పుడు మాత్రం లేదు. మైకు చెడిందేమోనని తెర వంక చూశాడు. పనివాడి బుద్ధి అది. ఇంకొకడైతే చెవి తడుముకునేవాడు. పంతులుగారి మైకు గీత పచ్చలోంచి పసుపులోకి లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది. అంత ఏడుపు అక్కడ ఉంది. అతనికి వినపడలేదు, ఎవరికీ వినపడలేదు. శిరీష కారెక్కబోతూ ఒక కాలు లోపల పెట్టింది. రాజవ్వ రెండు చేతులూ చాచి పిలిచింది. గీత ఒక్కసారిగా ఎరుపును తాకింది. శిరీష వెనక్కి తిరగకుండా కూర్చుంది. తలుపు పడింది.

అంత మందిలో ఒక్క వనజ చెవులు మూసుకుని నేల మీద కూలబడి ఉంది. ఓదెలు ఆమెను చూశాడు. అప్పుడు అతనికి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే రాజవ్వ దుకాణానికి వచ్చింది. పక్కనున్న ఓదెలు కోసం వనజ ఆమె మాటలు కాగితం మీద రాస్తూ పోయింది.

"చెవులు దిబ్బడ పడ్డట్టున్నయి వనజా, జర సూడు" అన్నది రాజవ్వ. వనజ పరీక్ష చేస్తుంటే మళ్లీ తనే అన్నది. "బిడ్డె ఎనక్కి తిరగకుంట పోయింది. ఒక్కసారి పిలిస్తె తిరుగుతరు గద ఎవ్వలన్న. ఏం తక్కువ చేసిన్నో, నా మీద ఏం కోపమున్నదో. రాత్రంత అదే ఆలోచన."

వనజ కలం ఆగిపోయింది. ఆ తప్పు నీ బిడ్డది కాదు, మాది అని చెప్పడానికి నోరు రాలేదు ఆమెకు. రాజవ్వ వెళ్లాక ఓదెలును గదిలో కూర్చోబెట్టింది. వినపడినప్పుడల్లా నొక్కమని బటన్ చేతికిచ్చి, అద్దం అవతల నుంచి మాట్లాడింది. ఓదెలు ఆమె పెదవులు చూడకుండా కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఎక్కడో చాలా దూరం నుంచి, గోడ అవతల గోడ నుంచి, ఏదో మెదిలినట్టయింది. నొక్కాడు. కళ్లు తెరిచి చూస్తే వనజ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆమె అరుస్తోంది. ఏం అరుస్తోందో తెలియలేదు గానీ, నాలుగు నెలలుగా తన భార్య నెమ్మదస్తురాలు కాలేదని తెలిసి అతను తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై రోజులు వనజ నిద్ర మాని తిరుగు మోత తయారుచేసింది. అది వదిలేసినవన్నీ పైకి తెస్తుంది, పాటను కిందికి నెడుతుంది. రెండు గంటలు విన్నారంటే ఊరివాళ్ల చెవులు ఎప్పటిలా అవుతాయి, పాట పాటలాగే ఉంటుంది. అందరికంటే ఎక్కువగా విన్న ఓదెలు సంగతి వేరు. అతని చెవిలో లోకం అడుగుదాకా దిగిపోయి ఉంది. అది పైకి రావాలంటే పాట అడుగుదాకా దిగాలి. మళ్లీ పైకి రాదు. వనజ కాగితం మీద రాసి చూపించింది: 'చివరి పావుగంట అసలైంది. అది ఇంటే నీకు పాటలుండవు. ఇనకుంటే ఇట్లనే ఉంటవ్. నువ్వు ఇంట్ల ఉండు, బండి కాడ నేను నిలబడ్త.'

ఓదెలు చదివి కాగితం మడిచాడు. "నీకు మిక్సర్ పట్టుకునుడు రాదు. అన్ని ఎర్రగ చేస్తవ్" అన్నాడు.

వనజ పెద్ద చెవితొడుగుల జత తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. అవి పెట్టుకుంటే ఏ మోతా లోపలికి పోదు. తెర చూసుకుంటూ పని చేసుకోవచ్చు. పెట్టుకుంటాడో తీస్తాడో అతని ఇష్టం.

శ్రావణంలో శిరీషకు ఒడిబియ్యం పోస్తామని రాజవ్వ అందరినీ పిలిచింది. పుట్టింటివాళ్లు బిడ్డ ఒళ్లో బియ్యం పోసి, మళ్లీ అత్తింటికి సాగనంపే వేడుక అది. ఓదెలు వెళ్లి, ఊరికే బండి పెడతానన్నాడు. వాడకట్టు నవ్వింది. "ఒడిబియ్యానికి డీజే ఏందిరా ఓదెలూ, రేపు బారసాలకు బ్యాండ్ పెడ్తవా?" అన్నారట. అతనికి వినపడలేదు గనుక అతను నవ్వి ఊరుకున్నాడు. రాజవ్వ మాత్రం సరేనంది.

మధ్యాహ్నం రెండింటికి పాట మొదలైంది. పాట అడుగున తిరుగు మోత. ఓదెలు తొడుగులు పెట్టుకుని, తెర వంక చూస్తూ నిలబడ్డాడు. ఒక మైకు గుంపు వైపు తిప్పి ఉంచాడు. అరగంటకోసారి పాటను కొంచెం దించుకుంటూ వచ్చాడు. పాట గీత తగ్గుతుంటే గుంపు గీత లేస్తోంది. ఆడేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అటూ ఇటూ చూస్తున్నారు. ఒకామె తన గాజులను చెవి దగ్గర పెట్టుకుని ఊపుకుంటోంది. కొమురయ్య సైకిలు బెల్లు కొట్టాడు కాబోలు, పది మంది ఒకేసారి తిరిగి చూశారు. కొమురయ్య సంతోషం పట్టలేక కొడుతూనే ఉన్నాడు.

చివరి పావుగంట మిగిలింది. ఇంట్లోంచి శిరీష బయటికి వచ్చింది, ఒడి నిండా బియ్యంతో. వనజ గుంపు అవతల, గడప దగ్గర నిలబడి ఓదెలునే చూస్తోంది. ఆమె పెదవులు కదిలాయి. చిన్న మాటే, రెండక్షరాలు. ఏమన్నదో తెలుస్తూనే ఉంది. కానీ చిన్నప్పటి నుంచీ విన్న ఆ గొంతు ఎట్లా ఉంటుందో తలుచుకుంటే, ఓదెలుకు గుర్తు రాలేదు. అతనికి భయమేసింది. పాటలు పోతాయన్నప్పుడు కూడా అంత భయం వేయలేదు.

తొడుగులు తీసి లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

పాట వచ్చి అతన్ని ఆఖరిసారి నిండా ముంచింది. డప్పు మీద వేలి చివర, పాడేవాడి ఊపిరి, అన్నీ. అతను దాన్ని ఎర్రబడనివ్వలేదు. పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచి, మెల్లగా, పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా దించాడు. నెత్తురు పోయింది, చర్మం మిగిలింది. తర్వాత చర్మమూ పోయి, ఎవరో దూరంగా రేకు గోకుతున్నట్టు మిగిలింది. అతని కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"బిడ్డా!"

రాజవ్వ గొంతు. బొంగురుగా, పగిలినట్టుగా, పంటి కింద రాయిలా తగిలింది. అంత మంచి చప్పుడు ఓదెలు జన్మలో వినలేదు. అత్తింటికి పోయే కారులో కాలు పెట్టబోయిన శిరీష గిరుక్కున వెనక్కి తిరిగింది. ఒళ్లో బియ్యం నేల మీదికి జారి గలగలలాడాయి. తల్లీ కూతుళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే వాడకట్టంతా గొల్లుమంది. ఆ గోలలో ఎవరో జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికి వచ్చారు.

"బావా."

సన్నటి గొంతు. చివర కొంచెం సాగదీసే అలవాటు. ఓదెలు మిక్సర్ వదిలేసి కిందికి దిగాడు.

ఇప్పుడు ఓదెలుకు పాటలు లేవు. ఎవరి ఇంట్లోనైనా రేడియో మోగితే అతనికి రేకు చప్పుడే. దుకాణంలో వనజ పక్కన కూర్చుని చెవిమిషన్లు సరిచేస్తాడు. చిన్న చప్పుళ్లు అన్నిటికంటే ఆఖరున వస్తాయని వనజ ముందే చెప్పింది. మొదట గొంతులొచ్చాయి, తర్వాత వాన వచ్చింది, ఆ తర్వాత పిట్టలు. కొన్ని ఉదయాలు అతను ఊరికే లాప్‌టాప్ తెరిచి, పచ్చ గీతలు లేచి పడుతుంటే చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు వనజ అతన్ని కదిలించదు.

దీపావళి ముందు ఒక పొద్దున వాకిట్లో పళ్లు తోముకుంటుంటే, లోపలి నుంచి ఏదో సన్నగా సుయ్‌మన్నది. ఓదెలు నోటి నిండా నురగతో వంటింట్లోకి పరుగెత్తాడు. పాలు గిన్నె అంచులు దాటి స్టవ్ మీద కారుతున్నాయి. వనజ చేతులు కట్టుకుని, గోడకు ఆనుకుని, స్టవ్ ఆపకుండా చూస్తూ నిలబడి ఉంది. స్టవ్ చుట్టూ ఎన్నాళ్లవో మాడిన పాల మరకలు.

"పైన జాగ ఉంచుమంటె ఉంచవు గద?" అన్నాడు ఓదెలు.

"మూడు నెలల సంది దినాం అంచుదాక పోస్తున్న బావా" అన్నది వనజ. "ఇయ్యాల వచ్చినవ్."